మయసభకు దారెటు?

నోయిడా వైపు వెళ్ళే మెట్రోలో తర్వాతి స్టేషన్ ఇంద్రప్రస్థ అని వినిపించగానే మా మేనల్లుడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేశాడు. సెలవులకని రాజమండ్రి నుంచి వచ్చాడు, పదమూడేళ్ళవాడు. 'దానవీరశూరకర్ణ'లో మయసభ ఘట్టాన్ని ఫోన్‌లో ఎన్నిసార్లు చూశాడో వాడికే తెలీదు. లేని మీసం మీద చెయ్యేసుకుని, ఎన్టీఆర్ దుర్యోధనుడిలా మా రెండు గదుల ఇల్లంతా కొలుస్తుంటాడు.

"మావయ్యా, ఇక్కడ దిగితే మయసభ చూడొచ్చా?"

"ఇక్కడ దిగితే ఆఫీసులూ, రింగ్ రోడ్డూ కనిపిస్తాయిరా."

"మరి ఆ పేరెందుకు పెట్టారు?"

సమాధానం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ ఊళ్ళో ఇంద్రప్రస్థ పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, ఆడపిల్లల కాలేజీ ఉంది. ఇన్నేళ్ళుగా ఆ బోర్డుల కిందుగా తిరుగుతున్నాను. ఆ పేరు ఇక్కడికి ఎలా వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

మన సినిమాలు కట్టిన ఊళ్ళు తక్కువేం కాదు. 1951లో తోటరాముడు తిరిగిన 'పాతాళభైరవి' ఉజ్జయిని, 2015లో బాహుబలి ఏలిన మాహిష్మతి, రెండూ పురాణాల్లోనో చరిత్రలోనో ఉన్న పేర్లే. పేరు అక్కడిది, కోట మనది. సినిమా అయ్యాక ఆ మాహిష్మతికి టికెట్టు ఎక్కడ దొరుకుతుందని ఎవరూ అడగరు. కానీ కల్పిత దేశానికి నిజంగానే చిరునామా పుట్టిన సందర్భాలూ ఉన్నాయి. జేమ్స్ హిల్టన్ 1933లో ఒక నవల కోసం షాంగ్రిలా అనే లోయను ఊహించాడు, 1937లో ఫ్రాంక్ కాప్రా దాన్ని తెరకెక్కించాడు. 2001లో చైనా ప్రభుత్వం యున్నాన్‌లోని జాంగ్‌డియన్ అనే ప్రాంతానికి ఏకంగా ఆ పేరే పెట్టేసింది. ఇప్పుడక్కడ దిగినవాళ్ళు షాంగ్రిలాలో దిగినట్టే లెక్క.

ఢిల్లీ సంగతీ ఇంతేనా? పుస్తకంలోని పేరును తెచ్చి ఊరికి అతికించారా? లేక ఊళ్ళో ఉన్న పేరే పుస్తకంలోకి ఎక్కిందా? మేనల్లుడూ నేనూ ఆ వారమంతా ఈ ముడి మీదే కూర్చున్నాం.

మొదటి ఆధారం: అయిదూళ్ళు

ఢిల్లీ చుట్టుపక్కల ఎవర్నడిగినా ముందు చెప్పే కథ ఇది. రాయబారంలో పాండవులు అడిగిన అయిదూళ్ళూ ఇక్కడివేనట. పానీపత్, సోనీపత్, బాఘ్‌పత్, ఫరీదాబాద్ దగ్గరి తిల్పత్, అయిదోది ఇంద్రపత్. చివరిదాన్ని పక్కన పెడితే మిగతా నాలుగూ ఇవాళ్టి రాజధాని ప్రాంతంలో భద్రంగా ఉన్నాయి. 

వినడానికి ముచ్చటగానే ఉంది కానీ పుస్తకం తెరిస్తే నిలబడదు. వ్యాసుడి ఉద్యోగపర్వంలో ధర్మరాజు అడిగిన ఊళ్ళలో వృకస్థలం, వారణావతం లాంటి పేర్లున్నాయి. పానీపత్తూ లేదు, సోనీపత్తూ లేదు. జాబితా జనం తర్వాత కూర్చుకున్నదే.

అలాగని ఆధారాన్ని అవతల పారేయలేదు. అబద్ధపు సాక్షి కూడా ఒక్కోసారి తెలీకుండా నిజం చెబుతాడు. ఈ ఊళ్ళన్నిటి చివరా వేలాడుతున్న 'పత్' సంగతి చూడాలి. సంస్కృతంలో 'ప్రస్థం', ప్రాకృతంలో 'పత్థ', వాడుకలో 'పత్'. దాన్ని అలా ఉంచి ముందుకు వెళ్ళాం.

రెండో ఆధారం: రెండు రాళ్ళు

మహమ్మద్ బిన్ తుగ్లక్ ఏలుబడిలో ఢిల్లీ పరిసరాల్లో వేయించిన రెండు సంస్కృత శాసనాలు దొరికాయి. రెండింటిదీ విక్రమ సంవత్సరం 1384, అంటే క్రీస్తు శకం 1327-28. ఇవాళ రాష్ట్రపతి భవన్ ఉన్న రైసీనా పక్కన, సర్బన్ అనే ఊళ్ళో దొరికిన శాసనం ఆ ఊరు ఇంద్రప్రస్థం పరగణాలోదని చెబుతుంది. నారాయణాలో దొరికినది ఆ గ్రామం ఇంద్రప్రస్థానికి పడమర ఉందని చెబుతుంది.

ఇవి కావ్యాలు కావు. ఎవరి ఊరు ఏ పరగణా కిందికి వస్తుంది, ఏ దిక్కున ఉంది అని మన రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజులో హద్దులు రాసినట్టు రాసిన మాటలు. పడమర అంటే దేనికి పడమరో చదివేవాళ్ళకు తెలియాలి కదా. కాబట్టి తుగ్లక్ కాలానికే ఇంద్రప్రస్థం అంటే అందరికీ తెలిసిన చోటు. నారాయణా నుంచి తూర్పుగా గీత గీస్తే అది యమున ఒడ్డుకు, పురానా ఖిల్లా దిక్కుకు పోతుంది. అతికించిన పేరే అయితే, అతికించి తక్కువలో తక్కువ ఏడు వందల ఏళ్ళు కావస్తోందన్నమాట.

మూడో ఆధారం: పారసీ కలం

అక్బరు కొలువులో అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో ఢిల్లీ గురించి రాస్తూ, దీన్ని వెనకటికి ఇంద్రపత్ అనేవారని, హుమాయూన్ ఆ ఇంద్రపత్ కోటనే బాగుచేసి దీన్‌పనాహ్ అని పేరు పెట్టాడని చెప్పాడు. హుమాయూన్ ఆ పని మొదలుపెట్టింది 1533లో. 1540లో షేర్ షా అతన్ని తరిమేసి కోటను తన చేతుల మీదుగా కట్టించాడు. మళ్ళీ తిరిగొచ్చిన హుమాయూన్ 1556 జనవరిలో ఆ కోటలోనే, షేర్ మండల్ మెట్ల మీంచి జారిపడి పోయాడు. మనం పురానా ఖిల్లా అనేది ఆ కోటనే.

ఇక్కడ గమనించాల్సింది అబుల్ ఫజల్ వాడిన రూపం. శాసనం చెక్కించిన పండితుడు 'ఇంద్రప్రస్థ' అన్నాడు, జనం మాట విని రాసుకున్న పారసీ పండితుడు 'ఇంద్రపత్' అన్నాడు. ఒకే చోటుకు రాతలో ఒక పేరు, నోటిలో ఇంకో పేరు.

ఇది చెబుతుంటే మేనల్లుడు అడ్డొచ్చాడు. "రాజమండ్రిలాగన్న మాట."

ముడిలో ఒక పోగు వాడే లాగేశాడు. రాజమహేంద్రవరం వందల ఏళ్ళు నోళ్ళలో నాని రాజమండ్రి అయింది. 2015లో ప్రభుత్వం మళ్ళీ పాత పేరు పెట్టింది, వాడు మాత్రం ఇప్పటికీ రాజమండ్రి అనే అంటాడు. పుస్తకంలోంచి తెచ్చి పెట్టిన పేరు కొత్త నాణెంలా అంచులు తేలి ఉంటుంది. అరిగిన పేరు చాలా చేతులు మారిందని అర్థం. షాంగ్రిలా ఇంకా అరగలేదు. ఇంద్రప్రస్థం అరిగి ఇంద్రపత్ అయింది.

ఆ అరుగుదల ఎప్పటిదో చెప్పే సాక్షి ఇంకొకటుంది. పాలీ భాషలోని జాతక కథల్లో కురు దేశపు రాజధాని పేరు 'ఇందపత్త', ఏడు యోజనాల పట్టణం. ఆ కథలు చెప్పుకున్న బౌద్ధులకు పాండవుల గొప్ప చాటాల్సిన అవసరమేమీ లేదు. వాళ్ళ నోటా అదే ఊరు, అప్పటికే సగం అరిగిన రూపంలో.

నాలుగో ఆధారం: బూడిదరంగు పెంకు

పేరు సాక్ష్యం అయింది. ఇక మట్టి ఏం చెబుతుందో చూద్దామని ఆదివారం పొద్దున్నే పురానా ఖిల్లాకు బయల్దేరాం. పెద్ద దర్వాజా దాటితే లోపల చిన్న మ్యూజియం ఉంది. అక్కడ అద్దాల వెనక ఉన్న బూడిదరంగు పెంకుల దగ్గర వాణ్ణి ఆపాను. అరచేతిలో సగం కూడా లేని ముక్కలు. పలుచగా, నున్నగా, మంచి బంకమట్టితో చేసినవి. మీద నల్లరంగుతో సన్నటి గీతలు, చుక్కలు. అన్నం తినే పళ్ళెమో, చిన్న గిన్నో అయ్యుంటాయి.

పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ 1950-52లో హస్తినాపురంలో తవ్వినప్పుడు ఈ రకం పాత్రలే అడుగు పొరల్లో పెద్ద ఎత్తున దొరికాయి. భారతంలో పేరున్న ఊళ్ళు చాలావాటిలో ఇవి కనిపించడంతో, ఆ కథకూ ఈ పాత్రలు వాడిన మనుషులకూ లంకె ఉందని ఆయన వాదించాడు. వీటి కాలం స్థూలంగా క్రీస్తు పూర్వం 1200 నుంచి 600 దాకా. 1954-55లో పురానా ఖిల్లాలో ఒక కందకం తవ్వితే ఇక్కడా కొన్ని పెంకులు తగిలాయి.

ఆశ పుట్టింది. 1969 నుంచి 1973 దాకా విస్తారంగా తవ్వారు. మొగలాయిల పొర, దాని కింద సుల్తానులది, రాజపుత్రులది, గుప్తులది, కుషాణులది, శుంగులది, అడుగున మౌర్యులది, పుస్తకంలో పేజీలు తిప్పినట్టు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మౌర్యుల పొరలో కాల్చిన మట్టి ఒరలు పేర్చి దింపిన బావులున్నాయి. ఇంత మంది రాజులు మారినా ఊరు మాత్రం ఖాళీ కాలేదని తేలింది.

కానీ కావాల్సిన ముక్క దగ్గరే చిక్కొచ్చింది. బూడిదరంగు పెంకులు దొరికాయి గానీ తమ సొంత పొరలో దొరకలేదు, తర్వాతి కాలపు మట్టిలో కలిసి దొరికాయి. పెంకు ఉందంటే ఆ మనుషులు ఈ చుట్టుపక్కల తిరిగారు. పొర లేదంటే వాళ్ళ ఇల్లు ఫలానా చోట ఉందని వేలుపెట్టి చూపించలేం. 2013-14లో, 2017-18లో, మళ్ళీ 2023లో పలుగు దింపినప్పుడు కూడా ఆ పొర కోసమే కళ్ళలో ఒత్తులు వేసుకుని చూశారు. 2023లో వైకుంఠ విష్ణు శిల్పం, మట్టితో చేసిన గజలక్ష్మి దొరికాయి, మౌర్యులకన్నా ముందటి ఆనవాళ్ళ మీద మాటా సాగింది. ఇది ధర్మరాజు ఇల్లు అని చెప్పే గోడ మాత్రం బయటపడలేదు.

మేనల్లుడు పెంకు వంక చాలాసేపు చూసి, "మయసభలో ఈ గిన్నెలా?" అన్నాడు. వాడి మొహం వాడిపోయింది.

అయిదో ఆధారం: మూరలెక్క

కోట గోడ నీడలో కూర్చుని ఆఖరి లెక్క వేశాం. వ్యాసుడు సభాపర్వంలో మయసభకు కొలతలిచ్చాడు. ఎటుచూసినా పదివేల మూరలు. కట్టడానికి పట్టింది పధ్నాలుగు నెలలు, కాపలాకు ఎనిమిది వేలమంది కింకరులు. మూర అంటే అడుగున్నర అనుకుంటే పదివేల మూరలు నాలుగున్నర కిలోమీటర్లు. మరి ఈ కోట? గోడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తేనే సుమారు రెండు కిలోమీటర్లు.

అంటే మయసభను తెచ్చి పురానా ఖిల్లాలో పెడితే ఒక మూల కూడా పట్టదు. పక్కన జంతుప్రదర్శనశాల, సుందర్ నర్సరీ, నిజాముద్దీన్ అన్నీ దాని కిందికి పోతాయి. బూడిదరంగు గిన్నెల్లో తిన్న కాలంలో గంగా యమునల మధ్య ఇళ్ళు తడికెలు, వాటి మీద మెత్తిన మట్టి. ఆ మట్టిగోడల నాటి జనం చెప్పుకున్న కథ తరాల నోళ్ళలో పెరిగి స్ఫటికపు మేడ అయిందని అనుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

తమాషా ఏమిటంటే ఆ సంగతి కథలోనే ఉంది. దుర్యోధనుడు నేలను నీరనుకుని బట్ట ఎత్తి పట్టుకున్నాడు, నీటిని నేలనుకుని తడిశాడు. ఆ సభ కట్టినవాడి పేరే మయుడు. కంటిని మోసం చెయ్యడమే దాని పని. ఆ పనిని వేల ఏళ్ళ తర్వాత మన స్టూడియోలు అందుకున్నాయి. 1957లో మద్రాసు ఫ్లోరు మీద మార్కస్ బార్ట్‌లీ 'మాయాబజార్'కు వెన్నెల కురిపించాడు. 1977 సంక్రాంతికి ఎన్టీఆర్ తానే దర్శకుడై, తానే దుర్యోధనుడై మయసభలో నడిచాడు. మా మేనల్లుడు అడిగిన మయసభ చిరునామా అదే, స్టూడియో.

"మరి అసలు ఏదీ లేదా?" అన్నాడు వాడు.

"సభ లేదు. ఊరుంది."

దొరికిన పోగులన్నీ కలిపితే తేలేది ఇంతే. రెండున్నర వేల ఏళ్ళుగా ఖాళీ కాని ఊరు, అంతకన్నా పాత మనుషులు వదిలేసిన పెంకులు, నోళ్ళలో నాని అరిగిన పేరు. పాండవులు ఇక్కడ ఉన్నారని ఈ మూడూ రుజువు చెయ్యవు. కానీ ఆ పేరును ఎవరో ఆఫీసులో కూర్చుని అతికించలేదని మాత్రం గట్టిగా చెబుతాయి. సభాపర్వాన్ని పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేశాడు. ఆ ఇంద్రప్రస్థాన్ని తెలుగులో నిలబెట్టింది మా వాడి ఊళ్ళోనే, రాజరాజనరేంద్రుడి కొలువులో. అప్పటికే ఇక్కడి రైతు దాన్ని ఇంద్రపత్ అంటుండేవాడేమో.

అలా అన్న చివరి రైతులు ఎవరో మనకు తెలుసు. ఈ కోట గోడల లోపల ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా ఒక పల్లె ఉండేది. ఇళ్ళు, పశువులు, పిల్లలు అన్నీ గోడల నడుమే. ఆ పల్లె పేరు ఇందర్‌పత్. 1911లో రాజధాని ఢిల్లీకి మారుతుందని దర్బారులో ప్రకటించారు. కొత్త నగరం కడుతూ, పాత కట్టడాన్ని కాపాడాలని 1913 ప్రాంతంలో ఆ పల్లెను ఖాళీ చేయించారు. పేరును ఇంత దూరం మోసుకొచ్చిన నోళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు, కోటకు కాస్త ఉత్తరాన ఆఫీసుల పేట ఒకటి లేచింది. దానికి సంస్కృతంలో, ఒక్క అక్షరమూ అరగకుండా, ఇంద్రప్రస్థ ఎస్టేట్ అని బోర్డు పెట్టారు.