టీకా చేసే విద్య మన ఇంటికి వచ్చిన తీరు

1997 ఆగస్టులో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ‘షాన్‌వ్యాక్-బి’ పేరుతో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో మన దేశంలోనే తయారై జనం చేతికి వచ్చిన మొదటి టీకా అది. దాని రజతోత్సవ సంచికను తెస్తున్న సంఘం పెద్దలు అందులో నూజివీడు నుంచి కూడా ఒక వ్యాసం ఉండాలని తలచడం సముచితంగా ఉంది. మామిడికి పేరుపడ్డ ఈ ఊళ్ళో టీకాల ఫ్యాక్టరీ ఏదీ లేదు. అయినా ఇక్కడి తోటల్లో కాయ కోసే కూలీ బిడ్డకు ఈ రోజు ఆ టీకా డబ్బు లేకుండా అందుతున్నదంటే, దానికి దారి వేసిన చరిత్ర మనది కూడా. ఆ చరిత్రను మామూలుగా చౌకదనం కథగా చెబుతారు. పరదేశపు టీకా వందల్లో ఉంటే మనవాళ్ళు పదుల్లో ఇచ్చారంటారు. మాట నిజమే, కాని అది సగమే. ధర తగ్గడం ఫలితం మాత్రమే. సూక్ష్మజీవి చేత మందు చేయించే విద్య, జన్యువు ఎక్కించడం మొదలు సీసాకు మూత బిగించేదాకా, ఇక్కడివాళ్ళ చేతికి రావడం అసలు కారణం. వచ్చిన విద్య మీద అధికారం ఎంతవరకు నిలుపుకున్నామన్నది కూడా అదే చరిత్రలో భాగం. ఉత్సవం కదా అని దాన్ని దాటవేస్తే సంస్థకు గౌరవం చేసినట్టు కాదు.

ముందు ఆ విద్య ఏమిటో చూడాలి. హెపటైటిస్-బి రక్తం ద్వారా, సూదుల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకే వైరస్ వ్యాధి. పసిబిడ్డకు సోకితే చాలాసార్లు ఒంట్లోనే తిష్ఠవేసి, దశాబ్దాల తర్వాత కాలేయాన్ని గట్టిపరుస్తుంది, లేదా క్యాన్సర్‌గా తేలుతుంది. పచ్చకామెర్లని పసరు పోయించుకుని ఊరుకునే అలవాటున్న పల్లెల్లో ఈ సంబంధం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1981లో అమెరికాలో వచ్చిన మొదటి టీకాను రోగకారకం ఉన్న మనుషుల రక్తరసం నుంచే తీసేవారు. రక్తం దొరకాలి, అందులోని క్రిములన్నీ చావాలి. అందుకే అది ఖరీదు, దానిమీద అనుమానాలూ ఎక్కువ. వైరస్ పైపొరలోని ఒకే ఒక ప్రొటీన్ ఒంటికి పరిచయమైతే రక్షణ వస్తుందని తేలాక, ఆ ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును ఈస్ట్ కణంలో పెట్టారు. 1982లో మనిషి ఇన్సులిన్ బాక్టీరియా నుంచి వచ్చింది. 1986లో హెపటైటిస్-బి టీకా ఈస్ట్ నుంచి వచ్చింది. అంటుమామిడి తెలిసిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు: వేరు ఒక చెట్టుది, కాపు మరో చెట్టుది. తేడా ఏమిటంటే అంటులో రెండు చెట్లూ తమ జన్యువులు తామే ఉంచుకుంటాయి, ఇక్కడ ఒక జన్యువే పరాయి కణంలో కలిసిపోయి, కణం రెండుగా చీలినప్పుడల్లా తనూ రెండవుతుంది. వైరస్ మాత్రం ఎక్కడా ఉండదు. టీకా వల్ల ఆ జబ్బే వస్తుందేమోనన్న భయానికి ఈ పద్ధతిలో తావు లేదు.

ఈ విద్యను ఇక్కడికి తేవాలనుకున్న మనిషి జీవశాస్త్రం చదివినవాడు కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1992లో జెనీవాలో జరిగిన ఒక సదస్సులో ఈ జబ్బు మన దేశంలో ఎంత విస్తరించిందో విన్నారు. టీకా పరిజ్ఞానం కోసం ఒక విదేశీ సంస్థను అడిగితే, కొనే స్తోమత మీకు లేదు, ఇచ్చినా మీ శాస్త్రవేత్తలకు అంతుపట్టదు అన్న అర్థం వచ్చే జవాబు దొరికిందని ఆయన తర్వాత అనేక సభల్లో చెప్పారు. 1993లో తల్లి శాంతమ్మ పేరు మీద కంపెనీ పెట్టారు. ఆ తొలి నాలుగేళ్ళే ఈ చరిత్రలో అతి కష్టమైన కాలం. తాకట్టు పెట్టడానికి భూమీ యంత్రాలూ లేని వ్యాపారం. చేతిలో ఉన్నదల్లా ఒక ఆలోచన, కొందరు యువ శాస్త్రవేత్తలు. అప్పులిచ్చే సంస్థలు ముందుకు రాలేదు. చివరకు ఒమన్ దేశ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. పని ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో మొదలై, తర్వాత కేంద్ర ప్రభుత్వపు కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఆవరణలోకి మారింది. కేంద్ర ప్రభుత్వపు సాంకేతికాభివృద్ధి బోర్డు అప్పు ఇచ్చింది. ఒక్క మనిషి పట్టుదల కథగా దీన్ని చెప్పుకోవడం మనకు ఇష్టం. పట్టుదలకు నమస్కారం చేయవలసిందే. అయితే ప్రజల డబ్బుతో 1977లో మొదలైన సీసీఎంబీ వంటి సంస్థ అదే ఊళ్ళో లేకపోతే, ఆ పట్టుదల నిలబడేందుకు ఒక బల్ల కూడా దొరికేది కాదు. ప్రైవేటు సాహసానికీ ప్రభుత్వ విజ్ఞానానికీ కుదిరిన జత అది. ఆ రెండోదాన్ని తక్కువ చేసి చెప్పే అలవాటు మనకు పోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పదకొండేళ్ళ ముందే అమెరికాలో వచ్చిన మందును మళ్ళీ చేయడంలో గొప్ప ఏముంది, అది నకలు కాదా అని. పైగా 1970 పేటెంటు చట్టం ప్రకారం అప్పట్లో మందు మీద పేటెంటు ఉండేది కాదు, తయారీ విధానం మీదే ఉండేది. ఆ వెసులుబాటు వాడుకున్నారు, అంతే కదా అని. వెసులుబాటు మాట నిజం. కాని వేరే విధానం కనిపెడితేనే ఆ చట్టం కాపాడుతుంది. శాంతావాళ్ళు మామూలు ఈస్ట్‌ను కాక పిచియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌ను ఎంచుకున్నారు. దానికి మిథనాల్ మేత. మిథనాల్ అందగానే ఎక్కించిన జన్యువు పని మొదలుపెట్టి, కణం ఆ ప్రొటీన్‌ను ధారాళంగా తయారుచేస్తుంది. చెప్పడానికి తేలికే. ఈస్ట్‌ను పెంచే తొట్టి, అంటే ఫెర్మెంటర్, పెద్దదయ్యేకొద్దీ ఆక్సిజన్ చాలదు, వేడి పెరుగుతుంది, మిథనాల్ కాస్త ఎక్కువైతే ఈస్టే చస్తుంది. తయారైన ప్రొటీన్ కణం లోపలే ఉంటుంది కనుక కణాన్ని పగలగొట్టి, దాని సొంత సరుకంతా వదిలించి, ఆ ప్రొటీన్ కలిసికట్టుగా ఏర్పరచే 22 నానోమీటర్ల గుళికలు చెదరకుండా బయటికి తీయాలి. ఇవాళ వచ్చిన దిగుబడి, శుద్ధి రేపూ రావాలి, ఎల్లుండీ రావాలి. జన్యువు అక్షరక్రమం పత్రికల్లో అచ్చయి ఉంది. పైన చెప్పిన ఈ పనితనం ఏ పత్రికలోనూ దొరకదు. కొనబోతే ఇవ్వమన్నది దీన్నే. దీన్ని తమంతట తాము కూడబెట్టుకున్నవాళ్ళను నకలు రాసినవాళ్ళనడం న్యాయం కాదు.

ధర సంగతి ఆ తర్వాత దానంతట అదే తేలింది. దిగుమతి టీకా ఒక్క మోతాదు 750 రూపాయల దాకా ఉండగా, శాంతా 50 రూపాయల దరిదాపుల్లో ఇవ్వగలిగిందన్నది తరచు చెప్పే లెక్క. మనిషికి మూడు మోతాదులు కావాలి. నలుగురున్న కుటుంబానికి 9,000 రూపాయలా, 600 రూపాయలా అన్నది ఆ రోజుల్లో టీకా వేయించుకోవడమా మానుకోవడమా అన్న ప్రశ్నే. పోటీ వల్ల ధర తగ్గింది కాని శాంతా వల్ల కాదని వాదించేవారున్నారు. 1996లో మొదలైన భారత్ బయోటెక్ కొద్ది కాలానికే తన టీకాతో రంగంలోకి దిగింది, ఇతరులూ వచ్చారు. ఈ వాదన నా మాటకే బలం. తయారీ తెలిసినవాడు ఊళ్ళో ఒకడు ఉంటేనే రెండోవాడు, మూడోవాడు పుడతారు. దిగుమతిదారులు పదిమంది ఉన్నా ధర ఇలా కూలదు. ధర కూలింది కనుకనే ప్రభుత్వం 2002లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2011 నాటికి దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో దీన్ని చేర్చగలిగింది.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు, అదే కాలంలో ఇంటర్‌ఫెరాన్ మందు, 2005లో వ్యవస్థాపకునికి పద్మభూషణ్, యునిసెఫ్ కొనుగోళ్ళు: ఆ ఏళ్ళు సజావుగా సాగిపోయాయి. 2006లో ఫ్రాన్సుకు చెందిన మేరియూ కుటుంబ సంస్థ శాంతాలో మెజారిటీ వాటా కొన్నది. 2009లో ఆ వాటా ఫ్రెంచి మందుల కంపెనీ సనోఫీ చేతికి వెళ్ళింది. అప్పుడు శాంతాకు కట్టిన విలువ 55 కోట్ల యూరోలు. చేతులు మారినవి శాంతా వాటాలు కలిగిన ఒక ఫ్రెంచి కంపెనీ వాటాలు కనుక, ఆ లాభం మీద మన దేశంలో పన్ను లేదని 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రెండు దేశాల ఒప్పందాన్ని బట్టి తీర్పు ఇచ్చింది. చట్టం చెప్పింది అదే, దాన్ని తప్పు పట్టడం లేదు. అయినా విశ్వవిద్యాలయపు గదిలో, ప్రభుత్వ ప్రయోగశాల నీడలో మొలిచిన విద్య వెల పారిస్‌లో తేలడం, ప్రజల ఖజానాకు అందులో ఏమీ రాకపోవడం మనసుకు కష్టంగానే ఉంటుంది. పరాయి పెట్టుబడి రాకపోతే సంస్థ పెరిగేది కాదు కదా అంటారు. నిజమే. తొలినాళ్ళ నుంచీ అందులో ఒమన్ డబ్బు ఉంది, పరాయి డబ్బు అన్నందుకు నాకు పేచీ లేదు. ఏ టీకా చేయాలి, ఏది మానాలి అనే నిర్ణయం ఊరు దాటిపోవడమే నా బాధ.

ఆ బాధ ఎంతవరకు న్యాయమో తూచడానికి రెండు సంగతులు చూడాలి. 2010లో అయిదు జబ్బులకు ఒకే సూదిగా చేసిన షాన్-5 సీసాల్లో తెల్లని మడ్డి పేరుకుని, ఎంత కదిలించినా కలవడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జాబితా నుంచి తీసేసింది. 34 కోట్ల డాలర్ల యునిసెఫ్ ఒప్పందం చేజారింది. మళ్ళీ గుర్తింపు రావడానికి 2014 దాకా పట్టింది. ఆ నాలుగేళ్ళు నిలదొక్కుకోవడానికి సనోఫీ బలం తోడైందన్నది ఒప్పుకోవాలి. ఒంటరి కంపెనీ అయితే ఏమయ్యేదో. ఇది అమ్మకానికి అనుకూలమైన సాక్ష్యం. రెండోది ఎదుటి పక్షానిది. సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థతో కలిసి శాంతా 2009లో తెచ్చిన నోటి కలరా టీకా షాంకాల్ హైతీ దాకా వెళ్ళి ప్రాణాలు కాపాడింది. అది జన్యు ఇంజనీరింగ్ సరుకు కాదు, చంపిన కలరా క్రిములతో చేసేది. పేదల జబ్బుకు పేదల ధరలో మందు. ఆ టీకా తయారీని ఆపేయాలని యాజమాన్యం నిర్ణయించిందన్న వార్త 2022లో, అనేక దేశాల్లో కలరా మళ్ళీ చెలరేగుతున్నప్పుడే బయటికి వచ్చింది. వేరే తయారీదారులు ఉన్నారని సమాధానం చెప్పవచ్చు. కొరత ఉన్న రోజున ఒక తయారీదారు తప్పుకోవడం ఆ కొరతను పెంచదా?

మన కోస్తాలోనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ సందర్భంలో గుర్తుకు వస్తారు. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడినప్పుడు, దాన్ని తెచ్చిన లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు సారథి ఆయనే. మేధ మనది, మందు అమెరికాలోని పెరల్ రివర్‌ది. శాంతా చరిత్ర అంతకంటే ఒక మెట్టు పైది, ఎందుకంటే యాజమాన్యం మారినా చేయి తిరిగిన మనుషులు ఇక్కడే ఉన్నారు. 1953 నాటి హైదరాబాదు కంపెనీ బయోలాజికల్-ఇ తయారుచేసిన కోర్బెవ్యాక్స్ చూడండి. రూపకల్పన టెక్సాస్‌ది, పెంచింది హైదరాబాదులో, అదే పిచియా ఈస్ట్‌లో. 2022 మార్చి 16 నుంచి పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వేసిన కోవిడ్ టీకా అదే. నూజివీడు బడిపిల్లలకు కూడా. అయితే 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ ప్రయోగశాలలన్నీ పక్క రాష్ట్రంలో ఉండిపోయాయి. కోస్తా జిల్లాల పిల్లలు చదువుకుని వలస వెళ్ళి పనిచేసే చోటుగానే హైదరాబాదు మిగిలింది. మా ఊళ్ళో 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పల్లె పిల్లలు కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఫెర్మెంటర్‌ను పెద్దది చేయడమనే ఆ గడ్డు సమస్య సరిగ్గా వాళ్ళ శాస్త్రానిదే. 2005 నుంచి మందు మీదే పేటెంటు వచ్చి శాంతా నడిచిన దారి ఇరుకైందన్నది సరైన ఆక్షేపణే. పేటెంటు గడువు తీరిన ఇన్సులిన్లు, యాంటీబాడీ మందుల దారి మాత్రం తెరిచే ఉంది. దానికి కావలసింది అప్పటి పనితనమే.

ఇలాంటి సంచికలో కృతజ్ఞత చెప్పవలసినవారిని చెప్పాలి: ఒమన్ పెట్టుబడిదారులు, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ, సాంకేతికాభివృద్ధి బోర్డు, అంతర్జాతీయ టీకా సంస్థ, పరీక్షల్లో చేయి చాపిన వాలంటీర్లు, చలువ పెట్టెలు మోసుకుని ఊరూరా తిరిగిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు. ఈ వరసలో పెద్ద లోటు ఒకటుంది. ఈస్ట్‌లో జన్యువు నిలిపినవారు, మిథనాల్ మోతాదు కుదిర్చినవారు, శుద్ధి పద్ధతి తేల్చినవారు, రాత్రి షిఫ్టులో ఫెర్మెంటర్ దగ్గర మేలుకున్నవారు ఎవరన్నది తెలుగు పాఠకులకు ఎవరూ చెప్పలేదు. వ్యవస్థాపకుని పేరు అందరికీ తెలుసు, కొన్న కంపెనీ పేరూ తెలుసు. పని నేర్చినవాళ్ళ పేర్లు ఏ సన్మాన పత్రంలోనూ కనిపించవు. వాళ్ళలో చాలామంది ఇంకా మన మధ్యనే ఉండి ఉంటారు. వాళ్ళు ఒప్పుకుంటే, ప్రకటనలకు కేటాయించిన పుటల్లో ఒకటి తగ్గించి అయినా సరే, ఆ పేర్లు ఈ సంచికలోనే అచ్చువేయాలని సంఘం పెద్దలను కోరుతున్నాను.