ఒకవైపే చూసిన తరాజు

చదువుకో పనికో ఊరు విడిచిపోయిన ఆడపిల్ల తిరిగొస్తే ఆదిలాబాద్ జిల్లా బోథ్ వాడకట్టులో ముసలమ్మలు ముందు అడిగేది చదువు గురించి కాదు. "బక్కగైనవు బిడ్డా, తింటలేవా?" అంటారు. పెళ్లై ఏడాది తిరిగాక వస్తే "మంచిగ ఒళ్లు చేసినవు" అని బుగ్గలు నిమురుతారు. మొదటిది బాధ, రెండోది మెచ్చుకోలు. ఆకలిని చూసినవాళ్ల నోట పుట్టిన మాటలివి. అందుకే ఇక్కడ స్థూలకాయం గురించి రాయాలంటే ముందు బక్కతనం గురించి రాయాలి. లావు ఈ గడ్డకు నిన్నమొన్న వచ్చిన చుట్టం. అది గడప తొక్కేనాటికి బక్కతనం ఇంకా ఇల్లు ఖాళీ చేయలేదు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల గోడేమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు తోచింది. ఆ పని మీద వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్యే బతికాడు. ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆనాటి తిండికి నడుమ స్తంభం జొన్న. పొద్దున అంబలి, మాపటికి గటక, పని ఉన్ననాడు రొట్టె, పక్కన ఇంత పప్పో కారమో. పాత గింజ అయిపోయి కొత్త పంట చేతికి రాని వానాకాలపు నెలల్లో ఇప్పపువ్వు, అడవి గడ్డలు, ఆకుకూరలు ఆదుకునేవి. జొన్నంటే ఒక్క జొన్న కాదు. పేలాలకు పేలాల జొన్న, గటకకు గట్క జొన్న, ఇవిగాక పెర్స జొన్న, లేహ జొన్న. తరువాతి కాలంలో విత్తన శాస్త్రవేత్తలు ఆదిలాబాద్ గూడేలు తిరిగి ఈ రకాలను సేకరించి పేర్లతో సహా నమోదు చేసుకున్నారు. గింజకో పేరుంటే, ఆ గింజతో ఏం చేసుకోవాలో తెలిసిన ఆడమనిషి ఆ ఇంట్లో ఉన్నట్టే.

ఆ ఆడమనిషి రోజు ఎట్లా గడిచేదో కూడా చెప్పుకోవాలి. కోడి కూయకముందే ఇసుర్రాయి ముందు కూర్చోవడం, రోలూ రోకలీ, వాగు నుంచి నీళ్లు, అడవి నుంచి కట్టెలు, ఆ తరువాత చేను. తిన్న గటకంతా పొద్దు వాలేసరికి చెమటై పోయేది. ఆమె బరువెంతో ఎవరూ తూచలేదు. తూచి ఉంటే సన్నదనం అందం కోసం కాదని ముల్లే చెప్పేది.

ఈ మధ్య జొన్నను అమృతమని పొగిడే ఉపన్యాసాలు ఎక్కువయ్యాయి కనుక ఇక్కడ చిన్న పక్కమాట. దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తిని బతికే పేదలకు చర్మం పొలుసులు కట్టి నల్లబడే పెల్లాగ్రా జబ్బు వచ్చేది. దానికీ జొన్నలో అధికంగా ఉండే లూసిన్‌కూ లంకె ఉందని 1960లో హైదరాబాద్ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య రాశారు. తప్పు జొన్నది కాదు, జొన్న తప్ప మరొకటి దొరకని బీదతనానిది. తాతల తిండిని పూజించేవాళ్లు తాతల పళ్లెంలో లేనివాటిని కూడా లెక్కపెట్టాలి.

గోపాలన్ పనిచేసిన సంస్థ కథ మన కథకు అద్దం లాంటిది. 1918లో కూనూరులో వైద్యుడు మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పెట్టిన చిన్న విభాగం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. బెరిబెరి, పెల్లాగ్రా, క్వాషియోర్కర్, విటమిన్ ఎ లోపంతో వచ్చే అంధత్వం... తొలి యాభై ఏళ్లు దాని పట్టికంతా లేమి జబ్బులే. దేశమంతా లేమిలో ఉంటే సంస్థ మరొకటి వెతకడం అన్యాయమే అయ్యేది.

1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది, అంగన్‌వాడీలు వచ్చాయి. వాటితోపాటే దూలానికి వేలాడే గుండ్రటి తరాజు. నిక్కరు లాంటి గుడ్డసంచిలో బిడ్డను కూర్చోబెట్టి కొక్కేనికి తగిలిస్తారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు, ముల్లు ఊగుతుంది. ఊగుడు ఆగేలోగా టీచర్ ఒక అంకె పట్టుకుని కార్డు మీద చుక్క పెడుతుంది. పచ్చరంగులో చుక్క పడితే తల్లి ముఖం వెలుగుతుంది, కింది రంగుల్లోకి జారితే టీచర్‌కు పని పడుతుంది. చుక్క మరీ పైకి పోతే? అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. దండ చుట్టుకొలత చూసే రంగుల పట్టీ కూడా అంతే, ఎరుపు దాని ఒక్క కొసనే. యాభై ఏళ్లపాటు మన తరాజు ఒకవైపే చూసింది.

తరాజు అటు చూస్తుండగా ఇటు పళ్లెం మారిపోయింది. 1983లో ఎన్.టి.రామారావు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. జొన్న నేల మీద వరన్నం అప్పటిదాకా పండుగనాటి తిండి, దొరగారింటి తిండి. అది రేషన్ సంచిలో ఇంటికొస్తే ఎవరు కాదంటారు? దంచే పని లేదు, ఇసిరే పని లేదు, పిల్లలు మారాం చేయకుండా తింటారు. ఆకలి చావుల భయాన్ని తుడిచిన పథకాల్లో దానికి పెద్దపీట వేయాల్సిందే, ఆ మాట వెనక్కి తీసుకోను. 2011లో కిలో రూపాయికి దిగింది. తెలంగాణ వచ్చాక 2015 నుంచి మనిషికి ఆరు కిలోలు ఇచ్చారు, హాస్టళ్లకూ బడులకూ సన్నబియ్యం చేరింది. 2025 ఉగాది నాడు రేషన్ కార్డులకు సన్నబియ్యం మొదలైంది. నలభై ఏళ్లలో బియ్యం చవకైంది, తెల్లనైంది, సన్ననైంది. పప్పు మాత్రం కొనుక్కునే సరుకుగానే మిగిలింది.

చేను కూడా మారింది. జొన్నా కందీ కలిపి చల్లిన నల్లరేగడిలో పత్తి పరుచుకుంది, దాని వెంట సోయా. పత్తి తినేది కాదు. సోయా తినేదే, కానీ బోథ్ చేలల్లో పండి లారీ ఎక్కి మిల్లుకు పోతుంది, గంజులోకి రాదు. జొన్న వేసినా పిట్టలు కొట్టే మనిషి దొరకడు. ఒకరు వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలుతాయి. ఇంట్లోకి నూనె మటుకు దండిగా వచ్చింది. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు, రేషన్ దుకాణాల్లో పామోలిన్ ప్యాకెట్లు ఇచ్చారు. 2013 ఉగాదికి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం పెట్టిన అమ్మహస్తం సంచిలో 185 రూపాయలకు తొమ్మిది సరుకులుండేవి. అందులో లీటరు పామోలిన్, అరకిలో చక్కెర. కందిపప్పు కిలో ఉన్నందుకు ఆ సంచికి ఒక దండం. చుక్కచుక్కగా పోపు పెట్టుకున్న ఇళ్లలో పూరీలు, బజ్జీలు వారం వారం పొంగాయి. ఎవరు ఎవర్ని తప్పుపట్టాలి? నూనెలో వేగిన వాసన మొదటిసారి తమ ఇంటి నుంచే వస్తుంటే ఆ సంతోషం వేరు.

అదే కాలంలో ఇసుర్రాయి గోడకు ఆనుకుంది. పిండిగిర్ని వచ్చింది, వీధికి నల్లా వచ్చింది, గ్యాస్ పొయ్యి వచ్చింది. ఆడవాళ్ల నడుము విరిచిన చాకిరీ తగ్గడం మంచిదే. కానీ ఆ చాకిరీకి సరిపడా తినే అలవాటు మాత్రం చేతిలోనే ఉండిపోయింది. పైగా అందరూ తిన్నాక గంజు అడుగున మిగిలిన అన్నం పారేయడానికి ఏ తల్లికీ మనసొప్పదు. చాలామంది స్త్రీల లావులో ఆ అడుగు అన్నం వాటా ఎంతో ఏ సర్వే అడగలేదు. "పిల్లలు కాకుండ ఆపరేషన్ అయినంక ఒళ్లొచ్చింది" అనే మాట మాత్రం ప్రతి వాకిట్లో వినిపిస్తుంది. ఇద్దరు బిడ్డలు పుట్టి, వయసు ముప్పైకి చేరి, పొలం పని తగ్గే రోజులూ ఆపరేషన్ రోజులూ ఒకటే కావడంతో నింద దాని మీద పడింది.

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు మన దగ్గర జరిగేది చూడండి. కుడుకలు, నువ్వులు, బెల్లం, నెయ్యి... ఎముక గట్టిపడాలని, నెత్తురు పట్టాలని వరుసగా పెడతారు. మంచి తిండే. ఆ రోజు నుంచే వాడలో ఆట బందు. నిన్నటిదాకా మగపిల్లలతో సమానంగా కుంటలో ఈదిన పిల్లకు ఇక గడపే సరిహద్దు. బడిలో ఆటల పీరియడ్ ఉన్నా మైదానం మగపిల్లలది, ఆడపిల్లలది చెట్టు నీడ. కౌమారంలో ఊబకాయం రాకుండా ఏం చేయాలని పెద్ద సదస్సులు అడిగే ప్రశ్నకు సగం జవాబు ఆ మైదానంలోనే ఉందని నా నమ్మకం.

లెక్కలు ఆలస్యంగా పలికాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మూడో విడత 2005-06లో దేశంలో వందకు 12.6 మంది స్త్రీలు అధిక బరువులో ఉన్నారంది. 2019-21 నాటి ఐదో విడతకు అది 24 అయింది. తెలంగాణలో 30.1. అదే సర్వేలో, అదే తెలంగాణలో ఉండాల్సినదానికన్నా తక్కువ బరువున్న స్త్రీలు 18.8 శాతం, నెత్తురు తక్కువున్నవారు 57.6 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు అంతకుముందు విడతలోని 0.7 నుంచి 3.4 శాతానికి పోయింది, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 33.1 శాతం ఉండగానే. ఒళ్లు ఉంది, నెత్తురు లేదు. తల్లి లావు, బిడ్డ గిడస. ఇవి రెండు వేర్వేరు ఊళ్ల లెక్కలనుకుంటే పొరపాటు, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్నవాళ్లు.

అధిక బరువంటే ఎంత? కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె 25 దాటడం. బెల్జియం గణితజ్ఞుడు క్వెట్లే 1832లో చూపిన లెక్క ఇది. 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషికి 56 కిలోలు దాటితే ఆ గీత దాటినట్టు. కానీ ఆసియా వాళ్లకు 23 దగ్గరే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో చెప్పారు. అంటే 52 కిలోలే. మన వాకిట్లో "మంచిగ ఒళ్లు చేసినవు" అనే మాట మొదలయ్యేది దాదాపు అక్కడే.

మనకు ఆ గీత అంత కిందికి ఎందుకంటే, పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఆ ప్రాంతపు గ్రామాల నవజాత శిశువులను కొలిచి, చూడ్డానికి బక్కగా ఉన్న మన పిల్లల్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం ఉండనే ఉందని తేల్చారు. కడుపులో ఉండగా సరైన తిండి అందని బిడ్డ ఒళ్లు దొరికినప్పుడు కొవ్వు దాచుకోవడం నేర్చుకుంటుందన్న ఆలోచనకు అది బలం. దీనికి తెలుగు నేల మీదే ఒక సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీ తిండి అందింది, 14 పల్లెల్లో ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్యకు వచ్చాక మళ్లీ వెతికి కొలిస్తే, తిండి అందిన పల్లెల పిల్లలు కాస్త ఎత్తు పెరిగారు. ఇన్సులిన్ పట్ల మొండితనం, రక్తనాళాల బిరుసు వారిలో తక్కువ. 2008లో అచ్చయిన ఈ ఫలితం చెప్పేది వింతగా ఉంటుంది: రేపటి షుగరును ఆపే పని, కడుపుతో ఉన్న అమ్మకు కడుపునిండా పెట్టడంతోనే మొదలవుతుంది. తిండి తగ్గించడంతో కాదు.

ఆ వెలుగులో చూస్తే 2015 జనవరిలో తెలంగాణ మొదలుపెట్టిన ఆరోగ్యలక్ష్మి ఊబకాయ నివారణ పథకమే, ఆ పేరు లేకపోయినా. గర్భిణి అంగన్‌వాడీలో కూర్చుని అన్నం, పప్పు, కూర, గుడ్డు తిని, గ్లాసెడు పాలు తాగి ఇంటికి పోతుంది. అడుగు అన్నం కోసం ఆగక్కర్లేదు. ఇక్రిశాట్‌తో కలిసి గిరిజన ప్రాంతాల్లో జొన్న, పల్లి, పప్పులతో చేసిన గిరి పోషణ, ఉట్నూరు ఆదివాసీ మహిళలు కట్టే ఇప్పపువ్వు లడ్డు కూడా ఇదే దారి. 2022 డిసెంబరులో గర్భిణుల రక్తహీనత కోసం ఆదిలాబాద్‌తో సహా తొమ్మిది జిల్లాలకు ఇచ్చిన న్యూట్రిషన్ కిట్‌లో పోషకాల పొడి, ఖర్జూరం, నెయ్యి, ఐరన్ సిరప్ ఉన్నాయి. మంచిదే. కానీ డబ్బాలోని పొడి అనగానే నాకు కొంచెం గుబులు. డబ్బాకు అలవాటైన నోరు పల్లీల వైపు మళ్లడం కష్టం.

నివారణ అనే మాట పేరు పెట్టి పలకడానికి ఇంకా టైం పట్టింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సభ పెట్టుకున్న ఆరు పోషకాహార లక్ష్యాల్లో పిల్లల అధిక బరువు పెరగకుండా చూడడం ఒకటి. ఆరేళ్ల తరువాత 2018లో వచ్చిన మన పోషణ్ అభియాన్ లక్ష్యాల్లో గిడసబారడం, తక్కువ బరువు, రక్తహీనత, పుట్టుక బరువు ఉన్నాయి, అది లేదు. 2020లో కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ బడి చుట్టూ 50 మీటర్లలో కొవ్వు, ఉప్పు, చక్కెర దండిగా ఉన్న సరుకు అమ్మకూడదంది. బోథ్ లాంటి ఊళ్లో బడి గేటు నుంచి 50 మీటర్లు కొలిస్తే సగం బజారు లోపలికొస్తుంది. 2024 మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ 17 సూత్రాలు విడుదల చేస్తూ దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతం తిండి తప్పులదేనంది. లేమి జబ్బులతో మొదలైన సంస్థ ఇక్కడికి చేరడానికి నూటారేళ్లు.

2025 సెప్టెంబరు చిత్రమైన నెల. ప్రపంచం మొత్తం మీద పాఠశాల వయసు పిల్లల్లో ఊబకాయులు బక్కవాళ్లను దాటిపోయారని యునిసెఫ్ ప్రకటించింది: 9.4 శాతం, 9.2 శాతం. 17వ తేదీన మొదలైన పోషణ మాసంలో చక్కెర, నూనె తగ్గించండని అంగన్‌వాడీ గోడలకు పోస్టర్లు. 22న జీఎస్టీ మారి కూల్‌డ్రింకుల మీద 40 శాతం, బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్చర్ మీద అయిదు శాతమే. ఒక చెయ్యి చెంప మీద, మరో చెయ్యి వీపు మీద.

బోథ్ బస్టాండు దగ్గరి కిరాణా దుకాణానికి ముందు తలుపు కనిపించదు, అయిదు రూపాయల పొట్లాల దండలు కనిపిస్తాయి. అంగడి రోజు ఒక ముసలమ్మ మనవణ్ని చంకనేసుకుని అక్కడ ఆగింది. ఆరేళ్ల వాడు, బొద్దుగా ఉన్నాడు, దిగమంటే దిగడు. కూరగాయలమ్మిన డబ్బు కొంగు ముడి విప్పి పది రూపాయలిచ్చి రెండు పొట్లాలు తెంపించింది. రోజూ ఇవి పెట్టకమ్మా అన్నాను, ఊరుకోలేక. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"తిననీ సారూ. ఆకలంటే ఏందో వీనికి తెల్వద్దు" అంది.