జాతి నెత్తుట నున్నదా, సంఘమున నున్నదా?

కులసంఘముల వార్షిక సంచికలయందు కులోత్పత్తిని గూర్చిన వ్యాసము లేకుండుట యరుదు. మన మార్యులమా, ద్రావిడులమా, ఏ రాజవంశమువారము అను చర్చను మన పెద్దలు శ్రద్ధాభక్తులతో సాగించిరి. వారి శ్రమ వందనీయము. అయినను ఆ ప్రశ్న మన కెచటినుండి వచ్చెనో విచారింపవలసియున్నది. మన భాషలో జాతి యను మాట కులమునకును దేశజనమునకును గూడ చెల్లును. ఇచట ఆంగ్లేయులు రేస్ అనుదానికే దానిని వాడుచున్నాము.

బంగాళమున ఉద్యోగియైన హెర్బర్టు రిస్లీ దొర 1891లో ప్రకటించిన గ్రంథమున, ముక్కు వెడల్పును నూఱుచే గుణించి దాని యెత్తుచే భాగించి, ఆ యంకె తగ్గినకొలది కులము హెచ్చగునని సిద్ధాంతము చేసెను. 1901వ సంవత్సరపు జనాభాలెక్కలు ఆయన యాధ్వర్యవముననే మొదలయ్యెను. వానిలో కులములను గౌరవక్రమమున వరుసగా నిలుప యత్నించిరి. చెన్నపురి మ్యూజియము అధికారి ఎడ్గారు థర్‌స్టను దక్షిణదేశమున నిట్టి కొలతలే తీసి, రంగాచారిగారి తోడ్పాటుతో 1909లో ఏడు సంపుటములు వెలువరించెను. తమకు దక్కిన స్థానము చాలదని దేశమందలి పెక్కు కులములవారు మహజరులు పంపుకొనిరి. పెక్కు కులసంఘముల తొలినాటి కార్యములలో నవి యొకటి. కొలబద్ద యొరులది, గర్వమును అవమానమును మాత్రము మనవి.

ఆ కొలబద్ద నిలువలేదు. 1932లో ఘుర్యే పండితుడు ఆ కొలతలనే పరిశీలించి, ఉత్తరహిందూస్థానమును విడిచినచో కులక్రమమునకును ముక్కునకును పొత్తు కుదురదని చూపెను. 1948లో అంబేద్కరు మహాశయుడు అట్టి యంకెలతోనే బ్రాహ్మణులును అస్పృశ్యులును ఒకే జాతివారని వాదించెను. 1972లో లెవాంటిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మానవుల జన్యుభేదములో నూటికి 85 పాళ్లు ఒక్కొక్క జనసమూహము లోపలనే యున్నవనియు, జాతులనబడువాని నడుమ 6 పాళ్లు మాత్రమే యనియు లెక్కించెను.

మన హైదరాబాదునందలి సెల్యులార్, మాలిక్యులార్ బయాలజీ కేంద్రమువారు విదేశ పండితులతో గూడి 2009, 2013 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలు మఱియొక సంగతి తెలిపినవి. సుమారు 4,200 ఏండ్ల క్రిందటినుండి 1,900 ఏండ్ల క్రిందటివఱకు ఈ దేశమున ప్రాచీన జనసమూహములు విరివిగా కలిసినవి. పిమ్మట కులము దాటిన వివాహములు అరుదైనవి. కలిసిన పాళ్లు అందఱికి నొక్కటి కావు. కాని ప్రధాన భూభాగమున ఏ కలయికయు లేనివారు దాదాపు లేరు.

ఇచట పాఠకులు గమనింపవలసినది గలదు. జాతిభేదము కులమును పుట్టింపలేదు. కులనియమమే దేహమున గుర్తు విడిచినది. తెలుగునాట నొక కులమున, శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ అను మందు కొందఱికి త్వరగా విఱుగదు; వారు తమంతట శ్వాసించుటకు గంటలు పట్టవచ్చును. అది వారి పూర్వుల ఘనతయు గాదు, లోపమును గాదు. కొలదిమంది పూర్వులనుండి పెరిగి, తరతరములుగా తమలోనే పెండ్లాడినందువలని ఫలము. ఇట్టివి వేఱు రూపమున ఏ కులమునందైన నుండవచ్చును.

కావున సంఘసోదరులకును పోషక మహాశయులకును మేము విన్నవించున దొక్కటి. మూలపురుషుల నెత్తురును పొగడుటకు వెచ్చించు ధనములో కొంత మన బిడ్డల నెత్తురును పరీక్షించుటకు వెచ్చింతము. జాతకములు చూచు ముందు వైద్యుని సలహా గొందము. రాబోవు సంచికయందు, మన మెవరినుండి పుట్టితిమను దానికంటె, మన మెవరిని చదివించితిమను దానికి ఎక్కువ పుటలు లభించుగాక.