బొటనవేలు చేసిన పని: రంపం మిషన్‌లో ఆయిల్ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో చెట్లు కోసే రంపం మిషన్, అదే మనం చైన్ సా అంటున్నాం కదా, దాని పుట్టుక గురించి మాట్లాడుకున్నాం. విన్న తోట పని తమ్ముళ్లు చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, కథ బాగుంది గానీ మా మిషన్ బార్‌కు ఆయిల్ రావట్లేదు. ఏం చెయ్యాలి?" దీనికి జవాబు కూడా ఆ చరిత్రలోనే ఉంది. టైమ్ చాలక ఎపిసోడ్‌లో వదిలేసిన ఆ భాగాన్ని ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు ఆయిల్ ఎందుకో చూద్దాం. ఊళ్లో ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పూసేవాళ్లు. అది ఎండిపోతే బండి కీచుమని అరిచేది, వీధి వీధంతా వినపడేది. రంపం మిషన్‌లో చైన్ చక్రాల మీద నడవదు. బార్ అంచున ఉన్న సన్నటి గాడిలో ఇనుము మీద ఇనుము రాసుకుంటూ, ఇప్పటి మిషన్లలో సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆయిల్ ఆగితే అదీ అరుస్తుంది గానీ ఇంజన్ మోతలో మన చెవికి చేరదు. చేరేసరికి బార్ నీలం రంగుకు తిరిగి ఉంటుంది.

మొదట్లో ఈ మిషన్ ఒక మనిషి ఎత్తేది కాదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే రంపం తయారుచేశాడు. దాని బరువు చాలా ఎక్కువ. చెరో చివర ఒకరు పట్టుకుంటే తప్ప కోయలేని సరుకు. మరుసటి ఏడు 1927లో ఎమిల్ లెర్ప్ అనే ఇంకో జర్మన్, తురింగియా ప్రాంతంలోని డోల్మార్ అనే కొండ మీద పెట్రోల్ రంపాన్ని నడిపి చూపించాడు. ఆ కొండ పేరే తర్వాత కంపెనీ పేరయింది. 1929లో స్టీల్ కూడా పెట్రోల్ మిషన్ తెచ్చాడు.

1940లలో రెండు మార్పులు జరిగాయి. ఒకటి, చైన్ పళ్లు మారాయి. అమెరికాలోని ఆరెగాన్‌లో జో కాక్స్ అనే కట్టెకోత మనిషి, 1946లో ఒక మొద్దును తొలిచే పురుగును గమనించాడు. అది ఎడమకూ కుడికీ మార్చి మార్చి కొరుకుతోంది. అదే పద్ధతిలో పళ్లు పెట్టి 1947లో కొత్త చైన్ అమ్మకానికి తెచ్చాడు. ఈ రోజు మన చేతిలో ఉన్న చైన్ దాని సంతానమే. రెండోది, మిషన్ బరువు తగ్గి ఒక్క మనిషి చేతికి వచ్చింది.

ఇక మన ఆయిల్ సంగతి. దానంతటదే ఆయిల్ పోసే పంపు ఆలోచన పాతదే అయినా, అమెరికాలో 1950లలో అమ్ముడైన ఒంటి మనిషి రంపాల్లో చాలావాటికి చేతి పంపే ఉండేది. హ్యాండిల్ దగ్గర ఒక బటన్ ఉండేది. కోస్తూ కోస్తూనే చేతి బొటనవేలితో దాన్ని నొక్కుతూ ఉండాలి. నొక్కినప్పుడల్లా కాస్త ఆయిల్ చైన్ మీదికి వచ్చేది. 1963లో వచ్చి బాగా పేరు తెచ్చుకున్న హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 అనే తేలికపాటి మిషన్‌కు కూడా బొటనవేలి పంపే.

వినడానికి ఇది పెద్ద తలనొప్పిలా ఉంటుంది. కానీ అందులో ఒక లాభం ఉంది. గొట్టంలో అడ్డు పడితే బటన్ వేలిని గట్టిగా ఎదురు తన్నేది. ట్యాంకు ఖాళీ అయితే వట్టిగా దిగిపోయేది. అంటే ఆయిల్ వస్తోందో లేదో కోసేవాడి వేలికే తెలిసిపోయేది.

ఈలోగా వేగం పెరిగింది. పాత మిషన్లలో ఇంజన్‌కూ చైన్‌కూ మధ్య గేర్లు ఉండి చైన్ నిదానంగా తిరిగేది. 1959లో స్టీల్ కంపెనీ కాంట్రా అనే మోడల్‌లో గేర్లు తీసేసి ఇంజన్ నుంచి నేరుగా చైన్ తిప్పింది. మిగతా కంపెనీలదీ అదే దారి. ఆ వేగానికి బొటనవేలు సరిపోదు. అందుకే ఇంజన్ తిరుగుడుతోనే నడిచే పంపు 1960లు దాటేసరికి మామూలు అయిపోయింది. కొన్నాళ్లు రెండూ ఉన్న మిషన్లు వచ్చాయి, తర్వాత బటన్ మాయమైంది.

నేను చెప్పదలచింది ఇదే. పంపు వచ్చి బొటనవేలికి విశ్రాంతి ఇచ్చింది గానీ, ఆ వేలు చేసే రెండో పనిని, అంటే ఆయిల్ వస్తోందా లేదా అని కనిపెట్టే పనిని, ఏ పంపూ తీసుకోలేదు. ఆ పని అలాగే కోసేవాడి మీద ఉండిపోయింది. బార్ కాలిపోయిన రోజున ఫోర్‌మన్ నోట మొదటి మాట "నువ్వే ఆయిల్ పొయ్యలేదు". ఆ బార్ డబ్బులు జీతంలో కట్. ట్యాంకు నిండుగా ఉందని చెప్పినా నమ్మరు. నిజానికి ట్యాంకు నిండుగా ఉండటమే జబ్బుకు గుర్తు. పెట్రోల్ ట్యాంకు ఒకసారి అయిపోయేలోపు ఆయిల్ కూడా చాలావరకు దిగిపోవాలి, ఆ లెక్కతోనే ట్యాంకుల సైజు పెడతారు. పెట్రోల్ అయిపోయి ఆయిల్ దిగలేదంటే బార్ ఎండిపోతోందన్నమాట.

పోయిన ఆ బొటనవేలి స్థానంలో ఒక అట్టముక్క పెట్టుకోండి. పొద్దున పని మొదలుపెట్టే ముందు మిషన్ స్టార్ట్ చేసి, బార్ కొసను తెల్లటి అట్టకు జానెడు దూరంలో పట్టి, రేజ్ పెంచండి. కొస అట్టకు తగలకూడదు. కాసేపట్లో అట్ట మీద సన్నటి ఆయిల్ చార పడాలి. పడకపోతే ఆయిల్ నడిచే దారిని చివర నుంచి వెనక్కి వెతకండి.

ఇంజన్ ఆపి, చల్లారాక బార్ విప్పండి. బార్ మీద చిన్న బెజ్జం ఉంటుంది, ఆయిల్ దాంట్లోంచే గాడిలోకి వెళ్తుంది. నేను పనిచేసే వర్క్‌షాపులో బల్ల మీదికి వచ్చే మిషన్లలో నిజంగా పంపు పోయినవి తక్కువ. ఎక్కువగా ఆ బెజ్జంలో, గాడిలో ఖర్జూరం పీచు దట్టంగా కూరుకుని ఉంటుంది. మన తాటి పీచు లాంటిదే. దానికి ఇసుక, ఆయిల్ కలిస్తే మట్టి పెట్టి మెత్తినట్టు అవుతుంది. సన్నటి తీగతో బెజ్జం, పలచటి రేకుతో గాడి శుభ్రం చేయండి. బార్‌ను తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. వేరే మోడల్ బార్ వేసి ఉంటే బెజ్జం మిషన్ ఆయిల్ రంధ్రానికి ఎదురుగా వస్తోందా చూడండి. రాకపోతే ఎంత కడిగినా లాభం లేదు.

బెజ్జం శుభ్రంగా ఉన్నా చార పడకపోతే, మీ మిషన్ పుస్తకం ఒప్పుకుంటేనే, బార్ లేకుండా కొద్దిసేపు ఇంజన్ నడిపి, తిరిగే క్లచ్‌కు చెయ్యి దూరంగా పెట్టి, రంధ్రం దగ్గర ఆయిల్ ఊరుతోందా చూడండి. ఊరితే లోపం బార్‌దే. ఊరకపోతే లోపలికి వెళ్లాలి. ట్యాంకులో గొట్టం చివర ఉన్న చిన్న ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. పని మధ్యలో ఇంజన్ ఆపి మూత తీస్తే సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుందంటే, ట్యాంకుకు గాలి వచ్చే దారి మూసుకుపోయినట్టు. ఆయిల్ ఎక్కువ తక్కువ చేసే స్క్రూ ఉన్న మిషన్ అయితే అది బాగా తక్కువలో ఉందేమో చూడండి. ఇవన్నీ అయ్యాకే పంపునూ, దాన్ని తిప్పే చిన్న గేరునూ అనుమానించాలి.

ఆయిల్ రకం కూడా ముఖ్యం. ఈ ఆయిల్ తిరిగి ట్యాంకుకు రాదు, వాడిందంతా నేల మీదో మన బట్టల మీదో పడుతుంది. అందుకే ఆస్ట్రియాలో 1990ల మొదట్లోనే అడవుల్లో మామూలు పెట్రోలియం చైన్ ఆయిల్‌ను నిషేధించి, మట్టిలో కలిసిపోయే రకం వాడమన్నారు. ఆ మొక్కల నూనెలకు ఒక గుణం ఉంది: నెలల తరబడి వాడకుండా వదిలేస్తే జిగురుగా గడ్డకట్టి గొట్టాలు మూసేస్తాయి. ఇక్కడి ఎండల్లో పలచటి ఆయిల్ పోస్తే వేడికి ఇంకా పలచబడి చైన్ మీద నిలవకుండా చిందిపోతుంది. వేసవికి చిక్కటిది అడగండి.

బండ్ల నుంచి తీసిన నల్ల ఆయిల్ పోయమంటే మాత్రం వద్దనండి. అందులో ఇనుప రజను పంపును తినేస్తుంది. అంతకన్నా ముఖ్యం, కేన్సర్ తెచ్చే పదార్థాలు అందులో ఉంటాయి, చైన్ దాన్ని తుంపరగా మన ముఖం మీదికే చిమ్ముతుంది. బార్ పోతే ఇంకోటి వస్తుంది.

చార పడిన అట్టముక్క మీద తేదీ రాసి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. చార పడకపోతే ఆ ఫొటో పని మొదలవకముందే ఫోర్‌మన్‌కు పంపండి. అప్పుడు "నువ్వే ఆయిల్ పొయ్యలేదు" అనే మాటకు మీ దగ్గర జవాబు ఉంటుంది.