ఆ ఊరి గీత, మన ఊరి కంప



2020 ఏప్రిల్ గుర్తుందా? ఊరి మొదట్లో తుమ్మ కంప తెచ్చి రోడ్డుకి అడ్డం వేశాం. బయటివాళ్లెవరూ లోపలికి రాకుండా వంతులేసుకుని కాపలా కాశాం. నేనూ కాశాను. ఇంగ్లండులో నర్సు ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కూతురు మొన్న ఒక పల్లెటూరి మ్యూజియం చూసొచ్చి ఫోన్లో చెబుతుంటే ఆ కంపే కళ్ల ముందు మెదిలింది.

ఆ ఊరి పేరు ఈమ్. డెర్బీషైర్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. కొండలు, గొర్రెలు, రాతి గోడలు కట్టిన పొలాలు. అక్కడ ఒక పాత చర్చి భవనంలో ఈ మ్యూజియం ఉంది. నడిపేది వాలంటీర్లు. మనకి వాలంటీరంటే నెలకింత గౌరవ వేతనం గుర్తొస్తుంది, వీళ్లకి అదీ లేదు. క్లారెన్స్ డేనియల్ అనే ఆయన తన ఊరి చరిత్ర మీద ప్రేమతో ఇంట్లోనే పాత వస్తువులు, కాగితాలు పోగుచేసుకున్నాడు. ఆయన పోయాక వాటితోనే 1994లో ఈ మ్యూజియం తెరిచారు.

ఇంతకీ ఆ ఊళ్లో జరిగిందేమిటి? 1665లో లండన్ నించి ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. తడిగా ఉందని మంట దగ్గర ఆరేశారు. అందులో ఉన్న ఫ్లీ అనే చిన్న పురుగుల వల్లే ప్లేగు వచ్చిందని చెబుతారు. కొద్ది రోజుల్లోనే దర్జీ దగ్గర పనిచేసే జార్జ్ విక్కర్స్ పోయాడు. తర్వాత ఇంటింటికీ పాకింది.

1666 జూన్‌లో పాస్టరు విలియం మాంపెసన్, అంతకుముందు అక్కడే పాస్టరుగా చేసిన థామస్ స్టాన్లీ కలిసి జనాన్ని ఒప్పించారు. ఎవరూ ఊరు దాటి వెళ్లకూడదు, రోగం పక్క ఊళ్లకి పోకూడదు. పొలిమేరలో ఒక రాయికి గుంటలు చేసి, వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవాళ్లు. బయటివాళ్లు తిండి గింజలు అక్కడ పెట్టి, ఆ డబ్బులు తీసుకుపోయేవాళ్లు. శవాల్ని ఎవరింటివాళ్లు వాళ్లే పూడ్చుకోవాలి. ఎలిజబెత్ హాంకాక్ అనే రైతు ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తని, ఆరుగురు పిల్లల్ని తన చేతుల్తో పాతిపెట్టింది. పాస్టరు భార్య కేథరిన్ కూడా పోయింది. పద్నాలుగు నెలల్లో దాదాపు 260 మంది పోయారు.

వాళ్లేమీ దేవుళ్లు కాదు. ఆ పాస్టరు కూడా తన పిల్లలిద్దర్నీ ముందే బయటికి పంపించేశాడు. అయినా ఊరు ఊరంతా గీత దాటకుండా నిలబడింది.

ఇప్పుడు మన సంగతి. వాళ్లు గీత గీసుకుంది పక్క ఊళ్లని కాపాడటానికి. మనం కంప వేసింది మనల్ని కాపాడుకోవటానికి. భయం ఎవరికైనా భయమే, తప్పని అనను. కానీ నా కాపలా రోజున మిట్టమధ్యాహ్నం పసిబిడ్డతో ఆలుమగలు నడిచొచ్చారు. కాసేపు నీడన కూర్చుంటామన్నారు. వద్దన్నాం. నీళ్ల సీసా ఒకటి కంప మీదుగా విసిరాను. ఆ అమ్మాయి వంగి తీసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. వాళ్లది ఏ ఊరో అడగను కూడా అడగలేదు.

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీలో ఎంతమందికి ఇలాంటివి ఉన్నాయో. ఈమ్‌లో 350 ఏళ్ల కిందట ఎవరు ఏ నెలలో పోయారో పేర్లతో సహా చెబుతారు. ఊరి రిజిస్టరులో రాసిపెట్టారు కాబట్టి. మన ఊళ్లో రెండో వేవ్‌లో ఎవరెవరు పోయారో వరసగా చెప్పమంటే నాకే ఇద్దరి పేర్లు తట్టలేదు. పట్టుమని పదేళ్లు కాలేదు.

అందుకే ఒక మాట. మనకి భవనం అక్కర్లేదు. మన పాత పంచాయతీ గది, ఒక బీరువా, ఒక పెద్ద నోటు పుస్తకం చాలు. పోయినవాళ్ల పేర్లు రాద్దాం. వండి పెట్టినవాళ్ల పేర్లు, శవం మోసినవాళ్ల పేర్లు రాద్దాం. ఇంట్లో కుట్టిన మాస్కు, ఆస్పత్రి చీటీ ఏదున్నా తెచ్చివ్వండి. ఫోన్లు మారితే ఫొటోలు పోతాయి, కాగితం ఉంటుంది.

మొదటి పేజీలో ఆ నీళ్ల సీసా సంగతి నేనే రాస్తాను. రెండో పేజీ ఎవరు రాస్తారో చెప్పండి.