బొమ్మ రైలుకు పట్టిన మసి

ఇంగ్లండులోని యార్కు నగరమున 1975లో తెరచిన జాతీయ రైల్వే మ్యూజియమునందు మల్లార్డు అను ఆవిరి ఇంజను కలదు. 1938 జూలై 3వ తేదీన గంటకు 126 మైళ్ల వేగము నందుకొని ఆవిరి ఇంజనులలో ప్రపంచ రికార్డు నెలకొల్పినది ఇదియే. నేడు అది నీలిరంగు ఒడలితో, ఎఱ్ఱని చక్రములతో అద్దమువలె మెరయుచున్నది. చూడవచ్చిన పిల్లలు, ఆవిరి ఇంజనులన్నియు ఇట్లే ఉండెడివి కాబోలు నని తలంతురు. కాని మల్లార్డు ఈ నీలిరంగుతో నడచిన కాలము కొద్ది ఏండ్లే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దానికి నల్లరంగు పూసిరి. యుద్ధము ముగిసిన తరువాత రంగులు మారి మారి తుదకు ఆకుపచ్చ వచ్చెను. ఆ ఆకుపచ్చ మీదనే ఏండ్ల తరబడి పొగ, నూనె, ధూళి మోసి 1963లో అది పని చాలించెను. భద్రపరచుటకు ముందు దానిని శుభ్రపరచి, మరల పాత నీలిరంగు వేసిరి.

ఇందుకు మ్యూజియమును తప్పు పట్టరాదు. ఒక వస్తువు జీవితములో ఒక దినమును ఎన్నుకొని, ఆ దినమున అది ఎట్లుండెనో చూపుట మ్యూజియము చేయు పని. అయితే తక్కిన దినముల సంగతి ఏమి? ఆ కాలపు ఛాయాచిత్రములు పెక్కు నలుపు తెలుపులలో నున్నవి. బూడిద ఏదో, తుప్పు ఏదో వాటియందు తెలియుట కష్టము. తుక్కు క్రింద కరగిపోయిన ఇంజనులను తిరిగి తేలేము. పనిలో నున్న ఇంజను గాని, వ్యాగను గాని నిజముగా ఏ రంగున నుండెనను ప్రశ్నకు ఓపికతో సమాధానము వెదకి, దానిని కంటికి కనబడునట్లు నిలిపినవారిలో పలువురు వృత్తిచేత చరిత్రకారులు కారు. తీరిక వేళలలో బల్ల మీద చిన్న రైళ్లు చేసికొనువారు.

ఈ పనిని వారు వెదరింగ్ అందురు. ఎండకు, వానకు, గాలికి శిలలు క్రమముగా శిథిలమగుటను తెలుపుటకు భూగర్భశాస్త్రజ్ఞులు వాడు మాట ఇదియే. కొత్తగా కొన్న బొమ్మ వ్యాగను, పదేండ్లు బొగ్గు మోసిన వ్యాగనువలె కనబడునట్లు రంగులు దిద్దుటయే వెదరింగ్. దీనికి తోడుగా నడచునది డీటెయిలింగ్. అనగా కర్మాగారము విడిచిపెట్టిన బ్రేకు కడ్డీలు, గొట్టములు, దీపపు కొక్కెములు, రివెట్ల తలలు మొదలగు వానిని సన్నని తీగతోను, రేకుతోను అమర్చుట.

మొదట ఈ రెండును లేవు. జర్మనీలోని మార్క్లిన్ కంపెనీ 1891లో లైప్సిగ్ సంతయందు నిర్ణీతమైన పట్టాల కొలతలతో బొమ్మ రైళ్లను ప్రదర్శించెను. ఇంగ్లండులో 1899లో బాసెట్ లోకు కంపెనీ వెలసెను. 1920లో హార్న్‌బీ రైళ్లు బజారునకు వచ్చెను. ఇవి తగరపు పూత రేకుపై నిగనిగలాడు రంగులు వేసిన వస్తువులు. డబ్బిచ్చి కొనునది తండ్రి, ఆడుకొనునది కొడుకు; ఇద్దరికిని మెరుపే కావలెను. మురికి పట్టిన బొమ్మను ఎవరు కొందురు? 1930 దాటిన తరువాత ఇంటిలో ఒక బల్లపై ఇముడునంతటి చిన్న కొలతలు వ్యాపించెను. హెచ్.ఓ. అను కొలతలో నమూనా అసలు వస్తువులో 87వ వంతు. బ్రిటిషువారి డబుల్ ఓ కొలతలో సుమారు 76వ వంతు. రైలుతో పాటు కొండను, ఊరిని, స్టేషనును గూడ చేయుటకు దీనితో వీలు కలిగెను. రైలు చుట్టును ఊరు వచ్చినంతనే ఒక చిక్కు బయటపడెను. నిజమైనట్లు కనబడు ఊరిలో రైలు మాత్రము బొమ్మగా నిలిచిపోయెను.

ఈ చిక్కును ముందుగా గుర్తించినవారిలో జాన్ అహెర్న్ అను ఆంగ్లేయుడు ఒకడు. 1930–40 నడుమ అతడు మ్యాడర్ వ్యాలీ అను కల్పిత లోయను, అందొక చిన్న రైలుమార్గమును తన ఇంటిలో నిర్మింప మొదలిడెను. గోడల చెమ్మ మరకలు, వాడిన వ్యాగనులు, పాతబడిన వంతెనలు అన్నియు ఒకే గాలి పీల్చినట్లు కనబడవలెనని అతని పట్టుదల. 1950–51లలో అతడు ప్రకటించిన పుస్తకములు పలువురకు పాఠ్యగ్రంథము లయ్యెను.

రాయ్ ఇంగ్లండ్ కథ వేరు. ఆస్ట్రేలియానుండి 1925లో ఇంగ్లండు చేరిన ఈ యువకుడు వైట్ హార్స్ లోయలోని పల్లెలను చూచి ముగ్ధుడయ్యెను. కాని ఆ పల్లెలలో గడ్డి కప్పులు ఊడి, వాటి స్థానమున రేకులు వచ్చుచుండెను. ఉన్న ఇండ్లను ఆపుట తనచేత కాదు గనుక, వాటిని కొలిచి 76వ వంతున అట్టతో కట్టుటకు పూనుకొనెను. ఒక్కొక్క ఇంటికి వందల గంటల పని పట్టెడిది. 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ గ్రామమున వెలసిన పెండన్ మ్యూజియము ఆ శ్రమ ఫలితమే. అహెర్న్ లోయ గూడ నేడు అచ్చటనే భద్రముగా నున్నది.

అమెరికాలో ఈ విద్యకు పేరు తెచ్చినవాడు కాలిఫోర్నియా రాష్ట్రములోని మాంటెరే పట్టణమున నివసించిన జాన్ అలెన్. ఇతడు ఛాయాచిత్రకారుడు. కెమెరా కన్నుతో చూచువానికి నిగారింపు ఎంత పెద్ద అబద్ధమో త్వరగా తెలియును. గోరీ అండ్ డిఫీటెడ్ అను తన రైలుమార్గమున ఇంజనులకు మసి, వ్యాగనులకు తుప్పు, కొయ్య స్తంభములకు వాన చారలు దిద్ది ఫొటోలు తీసి పత్రికలకు పంపెను. అతని మార్గమున పెట్టెలను త్రోయుటకు ఇంజనుకు బదులు ఎమ్మా అను పేరుగల స్టెగోసారస్ బొమ్మ గూడ ఒకటి ఉండెడిది! మురికి విషయమున అంత నిక్కచ్చిగా నున్న మనిషికి ఈ పాటి ఆటవిడుపు చెల్లును.

మురికిని దిద్దుట తేలికయని తోచును. నల్లరంగు, ఎఱ్ఱరంగు కలిపి అంతటను పులిమిన చాలదా? చాలదు. మురికికి ఒక క్రమము కలదు. అది ఎచ్చట పుట్టెనో, ఎటు కారెనో, ఎంతకాలముగా నున్నదో తెలియనిదే సరిగా దిద్దలేము. ఉదాహరణకు వ్యాగను క్రింది భాగము తీసికొందము. చక్రముల చుట్టు నుండు గోధుమవన్నె అంతయు చక్రములకు పట్టిన తుప్పు కాదు. పోత ఇనుప బ్రేకు దిమ్మలు చక్రములను ఒరసికొన్నప్పుడు సన్నని ఇనుప పొడి రాలును. అది క్రింది భాగమంతట అంటి, తేమ తగిలి, తుప్పుగా మారును. కావుననే అది మచ్చలుగా గాక ఒకే పొరగా, క్రింద చిక్కగా, పైకి పోనుపోను పలుచగా నుండును.

బ్రిటిషు రైల్వేలు యుద్ధానంతరము రెండు లక్షలకు మించి నిర్మించిన 16 టన్నుల ఉక్కు బొగ్గు వ్యాగనులు ఈ విద్యకు మంచి పాఠములు. బొగ్గుగడ్డలు లోపల పడినపుడు రేకు బయటికి ఉబ్బి, అచ్చటి రంగు చిట్లును. ఆ చిట్లిన చోటనే తుప్పు మొదలిడి, వాన నీటితో క్రిందికి చారగా దిగును. బొగ్గులో గంధకముతో కూడిన ఇనుప ఖనిజము కొంత యుండుట వలన, తడిసిన బొగ్గునుండి ఆమ్లము పుట్టి లోపలి అడుగును మరింత వేగముగా తినివేయును. కొత్త తుప్పు నారింజవన్నెతో నుండును. ముదిరిన తుప్పు ముదురు గోధుమవన్నెకు తిరుగును. కావున ఒకే వ్యాగను మీద రెండు మూడు వన్నెల తుప్పు కనబడినచో అది మూడు వేర్వేరు కాలముల గాయముల జాబితా యనుకొనవచ్చును.

వీనికి పూర్వపు కొయ్య వ్యాగనుల ముసలితనము మరియొక తీరు. ఎండలోని అతినీలలోహిత కిరణములు కొయ్యలోని లిగ్నిన్‌ను విడగొట్టును. వాన దానిని కడిగివేయును. మిగిలిన నారలు బూడిదవన్నెకు వచ్చును. 1939లో యుద్ధము రాగానే గనుల యజమానులకు చెందిన లక్షలాది వ్యాగనులను ప్రభుత్వము ఉమ్మడి వాడుకకు తీసికొనెను. ఇక వాటికి రంగు వేయించు నాథుడు లేడు. యజమాని పేరు వెలిసిపోయెను; విరిగిన పలకకు బదులు రంగులేని కొత్త పలక బిగించిరి. సగము పేరు, నడుమ ఒక పచ్చి పలక, దానిక్రింద మరల సగము పేరు—యుద్ధకాలపు కొరతను ఇంతకంటె క్లుప్తముగా చూపుట కష్టము.

ఇంజనుల సంగతియు అంతే. కఠిన జలము దొరకు ప్రాంతమున బాయిలరు కీళ్లనుండి కారిన నీరు ఆవిరియై తెల్లని సున్నపు చారలను మిగుల్చును. పొగపెట్టె వేడికి అచ్చటి రంగు మాడి బూడిద బారును. పూర్వము ప్రతి ఇంజను షెడ్డులోను పిల్లవాండ్ర గుంపు ఇంజనులను తుడుచుచుండెడిది. తుడుచువాడు కాలక్రమమున ఫైర్‌మనై, ఆపై డ్రైవరగును. యుద్ధము తరువాత ఆ పనికి మనుషులు దొరకుట అరుదయ్యెను. 1955లో ఆవిరి ఇంజనులకు బదులు డీజిలు, విద్యుత్ ఇంజనులు ప్రవేశపెట్టుటకు పథకము ప్రకటించిరి. పోనున్న ఇంజనును ఎవరు తుడుతురు? కావున 1910 నాటి ఇంజను నమూనాకు మసి పులుముట ఎంత తప్పో, 1966 నాటి ఇంజను నమూనాను మెరయించుటయు అంతే తప్పు. మసికి గూడ తేదీ యుండును.

మన ప్రాంతమున దీనిని పరీక్షింప గోరువారికి ఒక చక్కని చోటు కలదు. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజమును కిరండూలునుండి విశాఖపట్టణపు రేవునకు మోయు వ్యాగనులపై ఎఱ్ఱని పొర యుండును. అది తుప్పు కాదు, హెమటైటు ధూళి. తుప్పువలె చారలు దిగక, అంచుల మీదను, మూలలలోను పేరుకొని యుండును. రెండును ఇనుప ఆక్సైడు కుటుంబమునకు చెందినవే. చూచువాడు వన్నెను బట్టి గాక, నిలిచిన తీరును బట్టి వేరుపరుపవలెను.

ఇక కొలతల చిక్కు. నమూనాను అరమీటరు దూరమునుండి చూచుట, అసలు వస్తువును 43.5 మీటర్ల దూరమునుండి చూచుటతో సమానము. అంత దూరమున ఏ రంగైనను కొంత వెలిసినట్లు కనబడును. అందుచేత స్వచ్ఛమైన నలుపును గాక ముదురు బూడిదను వాడుదురు. రంగు పొర మందము 0.1 మిల్లీమీటరైనను, 87వ వంతు నమూనాపై అది దాదాపు 9 మిల్లీమీటర్ల పూతతో సమానమై రివెట్లను కప్పివేయును. కావున కుంచె కంటె ఎయిర్ బ్రష్ మేలు. ఛాయాచిత్రములకు మెరుగులు దిద్దుటకు 19వ శతాబ్దపు అంతమున అమెరికాలో వాడుకకు వచ్చిన ఈ పరికరము రంగును మంచువలె చిమ్మును. మూలలలో నీడ తెప్పించుటకు బాగా పలుచన చేసిన ముదురు రంగును పారింతురు; అది తనంతట పల్లములకు చేరును. పైన పొడి రంగులను మెత్తని కుంచెతో అద్దుదురు. సియెన్నా, అంబరు అను ఈ మట్టి రంగులకు వన్నె నిచ్చునవి చాలవరకు ఇనుప ఆక్సైడులే. మన జేగురునకు దగ్గరి చుట్టములు. అనగా తుప్పును తుప్పుతోనే చిత్రించుచున్నారన్నమాట.

ఈ విద్యకు విమర్శకులు లేకపోలేదు. పాత నమూనాలను సేకరించువారు, రంగు దిద్దినచో వస్తువు విలువ పడిపోవునని అభ్యంతరము చెప్పుదురు. వారి వాదనలో కొంత న్యాయము కలదు. ఒకసారి దిద్దిన మసిని తుడిచి తొలిరూపు తెచ్చుట దుర్లభము. అంతకంటె పెద్ద దోషము దిద్దువారిలోనే కలదు. కొందరు తుప్పు మీది మోజుతో ప్రతి వ్యాగనును శిథిలము చేయుదురు. నిజమైన గూడ్సు బండిలో నిన్న షాపునుండి వచ్చిన పెట్టె ప్రక్కనే పదేండ్లు ఉతుకు లేని పెట్టె యుండును. జ్ఞాపకము మీద దిద్దువాడు అన్నిటిని ఒకే మోస్తరుగా చేయును. ఫొటో ముందు పెట్టుకొని దిద్దువాడు అట్లు చేయడు.

బ్రిటిషు రైల్వేల ప్రధాన మార్గములపై ఆవిరి ఇంజను చివరి బండిని 1968 ఆగస్టు 11వ తేదీన నడిపెను. అంతకు ముందు కొన్ని ఏండ్లుగా అభిరుచిగలవారు షెడ్డులవెంట తిరుగుచు రంగు ఫొటోలు తీసిరి. నేడు ఆ కాలపు ఇంజనును తయారు చేయువారు ఆ ఫొటోలనే ఆధారముగా గొని, ఒక్కొక్క ఇంజను నంబరునకు ఏ వైపున ఏ చార యుండెనో వెదకుచున్నారు.

నమూనాల ఆయువు మాత్రము గట్టిది కాదు. జాన్ అలెన్ 1973 జనవరి 6న మరణించెను. ఆ నెలలోనే అతని ఇంట మంటలు రేగి, ఇరువది ఏండ్లకు మించి కట్టిన కొండలు, వంతెనలు చాలవరకు నాశనమయ్యెను. అతని మసి రంగులు నేడు ఫొటోలలో మిగిలియున్నవి. నిలిచియున్న నమూనాలకు మరియొక శత్రువు కలదు, అది గదిలోని అసలు దుమ్ము. అద్దిన పొడి రంగు చేయి తగిలిన రాలును; వార్నిషు చల్లి దానిని నిలిపినచో వన్నె మారును. పైన పడిన దుమ్మును తీయకున్నను వీలు లేదు. తల వెంట్రుక ఒకటి 87వ వంతు వ్యాగనుపై పడినచో, అది చూపరులకు చిటికెనవ్రేలి సగము లావు గల త్రాడువలె కనబడును. కావున దిద్దిన ధూళి కదలకుండ, పడిన ధూళిని మాత్రమే తొలగించుటకు మెత్తని కుంచె పట్టుకొని ఒక్కొక్క వ్యాగను ముందు కూర్చుండవలెను.