గరివిడి లోహం, బుడితి రూపం

గరివిడి చుట్టుపక్కల భూమిలో మాంగనీసు ఉందన్న సంగతి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పారిశ్రామిక ప్రపంచానికి తెలిసింది. 1892లో ఇక్కడి కోడూరు ప్రాంతంలో మొదలైన తవ్వకంతోనే దేశంలో మాంగనీసు పరిశ్రమ పుట్టింది. ఆ గనులను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త లూయిస్ లీ ఫెర్మర్ అక్కడి శిలకు ఊరి పేరు మీదుగానే కోడురైట్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత అరవై ఏళ్లు ఉత్తరాంధ్ర పని మట్టి తవ్వి రైలెక్కించడం, ఓడకెత్తించడం వరకే. 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ గరివిడి పక్కన శ్రీరాంనగర్‌లో కర్మాగారం పెట్టాకే ఆ ఖనిజం ఇక్కడే కరిగి మిశ్రలోహమైంది. మొదట ఫెర్రో మాంగనీసు, తర్వాతి కాలంలో ఫెర్రో క్రోమ్. అక్కడితో గరివిడి వాటా పూర్తయింది. మిగతా కథ ఎక్కడో ఉక్కు కర్మాగారాల్లో జరిగింది. మన వంటింటి స్టీలు సామానులో ఉత్తరాంధ్ర భాగం ఎంత అని అడిగితే ఈ లోహం లెక్క మాత్రమే చెబుతారు. ఆ సామాను రూపంలో కూడా ఈ నేల పనివాళ్ల వాటా ఉంది. స్టీలు పరిశ్రమ కంచరి చేతి నుంచి రూపాన్ని తీసుకుంది. ఆ రూపాన్ని పుట్టించిన ఆలోచనను మాత్రం వదిలేసింది.

ముందు లోహం సంగతి. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం ప్రయోగాలు చేస్తూ, క్రోమియం ఎక్కువగా కలిసిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే పైన కంటికి కనిపించని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా మళ్లీ తనంతట తనే కప్పుకుంటుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన రకం వంట సామానుకు పేరు పడింది. నికెల్ ఖరీదైనది కాబట్టి అందులో కొంత భాగాన్ని మాంగనీసుతో భర్తీ చేసే రకాలు వచ్చాయి. మన దేశంలో చవక స్టీలు గిన్నెల్లో ఎక్కువగా వాడేది ఇదే రకం. క్రోమియం, మాంగనీసు: గరివిడి కొలిములు దశాబ్దాల పాటు చేసిన రెండు మిశ్రలోహాలూ వీటివే.

ఇక రూపం. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. రాగికి తగరం కలిపితే కంచు, తుత్తునాగం కలిపితే ఇత్తడి. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి, తరిమెన పట్టి నునుపు తేల్చి, పైన జ్యామితి గీతలు చెక్కే ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పేరు తెచ్చింది గీతలే అయినా, గొప్పతనం గీతల కింద ఉన్న పాత్ర ఆకారంలో ఉంది. బిందెనే చూడండి. మెడ సన్నగా ఉంటే నడకలో నీళ్లు తొణకవు. అంచు బయటికి వంగి ఉంటే వేళ్లకు పట్టు దొరుకుతుంది. బొజ్జ గుండ్రంగా ఉంటే నడుము వంపులో ఒదుగుతుంది. ఇవేవీ ఒకరోజు ఒకరు కూర్చుని గీసినవి కావు. మోసే మనిషి ఫిర్యాదు చేస్తే, చేసే మనిషి మరుసటి బిందెకు మెడ కాస్త మార్చాడు. ఆ మార్పులు తరతరాలుగా పేరుకుని ఒక ఆకారం స్థిరపడింది.

గరివిడిలో కర్మాగారం వేళ్లూనుకుంటున్న రోజుల్లోనే అమెరికా డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు సరిగ్గా ఈ మాటే భారత ప్రభుత్వానికి చెప్పారు. 1958లో వారిచ్చిన ఇండియా రిపోర్టు దేశంలోని వస్తువులన్నిటిలోకీ చెంబును ఎత్తి చూపించింది. అందులో ఎన్ని నీళ్లు పట్టాలి, ఏ చేతికి సరిపోవాలి, ఎలా మోయాలి, ఎలా వంపాలి, తోమడానికి వీలుందా, ఖరీదెంత అన్న ప్రశ్నలన్నిటికీ ఒక్క ఆకారం ఎలా జవాబైందో వివరించింది. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. పారిశ్రామిక రూపకల్పన నేర్పే చదువుకు మన దేశంలో తొలి పాఠం కంచరి చేసిన చెంబే అన్నమాట.

ఆ పాఠాన్ని పరిశ్రమ సగమే నేర్చుకుంది. ఇత్తడి బిందె స్టీలు బిందె అయింది, తర్వాత ప్లాస్టిక్ బిందె అయింది. మూడింటి మెడా, బొజ్జా, అంచూ ఒకటే. నీళ్లు నడుం మీద మోయడం ఆగలేదు కాబట్టి ఆ రూపం మూడు పదార్థాల్లోనూ నెగ్గింది. వంట పాత్ర విషయంలో ఇలా కాలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని ప్రసరింపజేయడం ఇత్తడితో పోలిస్తే దాదాపు ఏడో వంతే. మందపాటి ఇత్తడి గిన్నె ఆకారాన్ని పలుచని స్టీలు రేకులో దించితే, మంట తగిలిన చోట అన్నం అడుగంటుతుంది, పక్కన పలుకు మిగులుతుంది. ఇది తెలిశాకే రాగి అడుగు గిన్నెలు, రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పెట్టిన గిన్నెలు వచ్చాయి. పదార్థం మారినప్పుడు ఆకారాన్ని మళ్లీ ప్రశ్నించాలన్నది కంచరికి తెలిసిన విద్య. ఏ వంటకు ఎంత మందం, ఏ పొయ్యికి ఏ అడుగు అన్నది లెక్క చూసి పోసినవాడు అతను. ఆ మనిషిని పక్కన పెట్టి వస్తువును మాత్రమే తీసుకోవడం వల్ల ఆ తెలివిని మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవలసి వచ్చింది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించాలి. లేకపోతే పులుసు చిలుమెక్కుతుంది. రోజూ చింతపండు పెట్టి తోమాలి. ఆ తోమే చేతులు ఎప్పుడూ ఆడవాళ్లవే. తేలికైన, చవకైన, బూడిదతోనో సబ్బుతోనో ఇట్టే శుభ్రపడే స్టీలు ఆ చాకిరీని తగ్గించింది. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఇత్తడి రోజులే బంగారమని వగచేవాళ్లు ఆ చాకిరీ చేసినవాళ్లను ఒక్కసారి అడగాలి. అయితే కంచరి నైపుణ్యాన్ని గౌరవించడమంటే వంటింటిని ఇత్తడికి మళ్లించడం కాదు. తోమే శ్రమ తగ్గాలన్నది కూడా వాడేవాళ్లు వేసిన ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబు వెతికే చోట, అంటే స్టీలు గిన్నె నమూనా తయారయ్యే చోట, పాత్రల గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషికి పీట వేయలేదన్నదే ఇక్కడి అభ్యంతరం.

రెండో ఆక్షేపణ జీవనోపాధిది. వంటింటి నుంచి తప్పుకున్న కంచు, ఇత్తడి ఇప్పుడు హోటళ్ల వరండాల్లో పూలకుండీలుగా, పెద్దల డ్రాయింగ్ రూముల్లో అలంకారంగా మంచి ధర పలుకుతున్నాయి, ఇది వద్దంటే పనివాడు ఏం తినాలి అని అడుగుతారు. ఆ ధర అతనికి అవసరమే. కానీ విలాస వస్తువుగా మాత్రమే బతికితే చేతిపనికి ఏమవుతుందో బొబ్బిలి వీణ చెబుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు పనస మాను తొలిచి వీణలు చేస్తారు. అక్కడే బహుమతులకు పనికొచ్చే బుల్లి వీణలూ చేస్తారు. వాయించే వీణలో మైనం మీద కూర్చిన 24 మెట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా వైణికుడి చెవి పట్టేస్తుంది. బుల్లి వీణ పలుకుతుందా అని ఎవరూ అడగరు. బుల్లి వీణలు ఇల్లు గడుపుతాయి, పెద్ద వీణ విద్యను నిలబెడుతుంది. భౌగోళిక గుర్తింపు పేరు దొంగిలించకుండా కాపాడగలదు. మెట్టు తప్పిందని చెప్పే చెవిని అది ఇవ్వలేదు. బుడితిలో ఇప్పుడు తగ్గుతున్నది ఆ చెవే. అలంకారానికి కొనేవాళ్లు గీతలు చూస్తారు. గిన్నె వంపితే ధార సరిగా పడుతుందా లేదా అన్నది వాళ్లకు పట్టదు.

యంత్రమూ చేతిపనీ కలవలేవన్న మాటకు జపాన్ జవాబు చెప్పింది. సామాన్యుల వాడుక వస్తువుల అందాన్ని ఎత్తిపట్టిన యానగి సొయెత్సు 1936లో టోక్యోలో జానపద కళల మ్యూజియం పెట్టాడు. ఆయన కొడుకు యానగి సోరి డిజైనరై, స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలకూ కెటిళ్లకూ కర్మాగారాల్లో తయారయ్యే రూపాలిచ్చాడు, తండ్రి పెట్టిన మ్యూజియానికి డైరెక్టరుగానూ పనిచేశాడు. పాత పాత్రలను అద్దాల బీరువాలో కాపాడటం, వాటి తర్కాన్ని కొత్త లోహంలోకి దించడం ఆయనకు రెండు వేరు పనులుగా తోచలేదు.

మనకూ ఆ అవకాశానికి కావలసినవన్నీ దగ్గరలోనే ఉన్నాయి. గరివిడిలో లోహం తెలిసిన పారిశ్రామిక అనుభవం ఉంది, బుడితిలో రూపం తెలిసిన చేతులున్నాయి, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు సొంతంగా జాతీయ డిజైన్ సంస్థ కూడా ఉంది. మాంగనీసు ముడి ఖనిజంగా వెళ్లినప్పుడు లాభం కరిగించినవాడికి దక్కింది. మిశ్రలోహంగా వెళ్లినప్పుడు గిన్నె చేసినవాడికి దక్కింది. గిన్నె ఎలా ఉండాలో తేల్చే పని ఇక్కడ జరిగితే తప్ప ఆ వరస మారదు. కంచరికి ఇచ్చే సన్మానాలు, శాలువాలు ఆ పని చేయవు. స్టీలు కంపెనీ తన కొత్త పాత్ర నమూనాకు అతన్ని సలహాదారుగా కూర్చోబెట్టి, ఆ సలహాకు రుసుము చెల్లిస్తే అది మొదలవుతుంది.